తీసుకెళ్ళే వంతు

పోయినవారం కుదురుని మంచులో కూర్చోబెట్టి మన దారిన మనం వచ్చేశాం. పాపం, ఆ పిల్ల ఇంకా అక్కడే ఉంది. మధ్యలో చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను, పాతవాళ్ళు కాస్త ఓపిక పట్టాలి.

ఒక్కచోట కూర్చునే గుణం ఆ పిల్లకి పుట్టుకతోనే లేదు. అందుకే వాళ్ళ నాన్న వెటకారానికి కుదురు అని పిలిచాడు, ఆ పిలుపే స్థిరపడిపోయింది. నాన్న అడవి జంతువుల ఫొటోలు తీయడంలో చెయ్యి తిరిగిన మనిషి. మూడేళ్ళ కిందటి చలికాలంలో ఈ నేషనల్ పార్కులోనే, ఈ జలపాతం కిందే, మాటులో ఒక్కడూ కూర్చుని చీకటి పడ్డా బయటికి రాలేదు. వెతుక్కుంటూ వెళ్ళి మోసుకొచ్చేసరికి రెండు చేతులూ కొయ్యబారి ఉన్నాయి. కుడిచేతి వేళ్ళు తీసేశారు, ఎడమచేతికి పట్టు పోయింది. ఏం జరిగిందని ఎవరడిగినా "నేనే ఉండిపోయాను" అనేవాడు, ఇంకో ముక్క లేదు. అప్పటినుంచి అడవి అంచునే, అమ్మ తమ్ముడు నడిపే లాడ్జిలో, పొయ్యి పక్క గదిలో ఉంటున్నాడు. మామయ్యే ఆయనకి స్నానం చేయిస్తాడు, చెంచాతో తినిపిస్తాడు. చూసినవాళ్ళు బావమరిదంటే ఇలా ఉండాలని మెచ్చుకుంటారు.

ఇదంతా పాత సంగతి. ఇవాళ పొద్దున కుదురు కెమెరా సంచీ భుజాన వేసుకుని బయల్దేరుతుంటే నాన్న ఆ వేళ్ళులేని అరచేత్తో ఆమె కోటు చెయ్యి నొక్కిపట్టి, "తీసుకెళ్ళడానికి ఎవరైనా వస్తేనే బయటికి రా. ఎవరొచ్చారో చూసుకుని మరీ రా" అన్నాడు. కుదురు గుండె ఝల్లుమంది. అంటే ఆ రోజు నాన్న తనంతట తాను ఉండిపోలేదు. తీసుకెళ్ళాల్సినవాళ్ళు రాలేదు.

ఇందులో ఝల్లుమనడానికి ఏముందని అడుగుతారేమో. మాటు పద్ధతి తెలిస్తే అడగరు. మాటంటే మందపాటి గుడ్డతో కుట్టిన చిన్న గూడు. చలికాలం పైన తెల్ల దుప్పటి కప్పుతారు. లోపల కూర్చుని, గుడ్డకున్న కంతల్లోంచి కెమెరా మూతి బయటపెట్టి జంతువు కోసం కాచుకుంటారు. ఇక్కడ కాచుకునేది మడుగులో చేపలు పట్టే నీటికుక్క కోసం. అది అంత వెర్రిబాగులది కాదు, మనిషి లోపలికి దూరడం చూసిందంటే ఆ పూట ఇక మడుగు దగ్గరికి రాదు. అందుకని ఒకరు కూర్చోవాలన్నా ఇద్దరు వెళతారు, ఒకరు చప్పుడు చేసుకుంటూ తిరిగి వచ్చేస్తారు. దానికి లెక్కలు రావు. వచ్చినవాళ్ళు వెళ్ళిపోయారనుకుని ధైర్యంగా బయటికొస్తుంది. సాయంత్రం ఆ వెళ్ళిన మనిషో ఇంకొకరో మళ్ళీ చప్పుడు చేసుకుంటూ రావాలి. ఆ అలికిడికి అది దానంతట అది తప్పుకుంటుంది, అప్పుడు అందరూ కలిసి బయటపడతారు. లోపలివాళ్ళు తొందరపడి తమంతట తాము బయటికొచ్చారో, ఆ గూట్లోంచి మనుషులు పుట్టుకొస్తారని దానికి తెలిసిపోతుంది. ఇక ఆ చలికాలమంతా ఆ మాటు దండగ. నాన్నకి ఇది వేదం. చేతులు మొద్దుబారుతున్నా కదలకుండా కూర్చున్నాడంటే, ఎవరో వస్తారని నమ్మి కూర్చున్నాడన్నమాట.

ఎవరో ఏమిటి, బావే అని కుదురు తేల్చేసుకుంది. అక్క మొగుడు నాన్న దగ్గర పని నేర్చుకున్నవాడు. ఆ రోజు నాన్నతోపాటు మాటులోకి వెళ్ళి ఒక్కడే తిరిగొచ్చినవాడు. ఆ తరవాత నాన్న కెమెరాలు ఆయనవయ్యాయి, నాన్న నడిపే ఫొటో యాత్రలు ఆయనవయ్యాయి, పెళ్ళి కుదిరి ఉన్న అక్క ఎలాగూ ఆయనదే అయింది. అన్నీ ఒక్క ఒళ్ళోనే వచ్చిపడ్డాయంటే ఎవరికైనా అనుమానం వస్తుంది కదా. అడుగుదామంటే బావ దొరకడు. ఇంటి దగ్గర ఏదైనా ఇబ్బంది మాట ఎత్తితే లెన్సు తుడవాలంటాడు, బ్యాటరీలు చూడాలంటాడు, మెల్లగా జారుకుంటాడు. మాటులో ఎక్కడికి జారుకుంటాడు? సాయంత్రందాకా కాళ్ళు కూడా చాపుకోలేడు. కుదురు కావాలనే ఆయనతో మాటులో కూర్చుంటానంది.

బయల్దేరేటప్పుడు మామయ్య అడ్డుపడ్డాడు. లాడ్జి గుమ్మంలో నిలబడి తోలు గ్లౌజులు తొడుక్కుంటూ, కింది మడుగు దగ్గర మంచుగడ్డ పలచగా ఉంది, ఆ మాటు జోలికి పోవద్దు, యాత్రకొచ్చినవాళ్ళని నేను పై జలపాతానికి తీసుకెళ్తున్నాను, మీరూ అటే రండి అన్నాడు. బావ సరేననబోయాడు. కుదురు వినలేదు. దాని మాట ఇంట్లో ఎవరు కాదన్నారు గనక. చివరికి ముగ్గురూ కింది మాటుకి వచ్చారు. అక్క వాళ్ళిద్దర్నీ లోపల కూర్చోబెట్టి, చెల్లెలి మెడకి మఫ్లరు ఇంకో చుట్టు చుట్టి, వెలుగు పోయే వేళకి వస్తానని చెప్పి, చెట్లకి వినపడేలా దగ్గుకుంటూ వెళ్ళిపోయింది.

లోపల ఇరుకు. బావ మోకాలు కుదురు మోకాలికి తగులుతోంది. జలపాతం సగానికి సగం గడ్డకట్టి, రెండు పక్కలా గాజు ఊడల్లా వేలాడుతోంది. నడుమ ఒక్క ధార మాత్రం బతికుండి మడుగులో పడుతోంది. వానాకాలంలో అయితే ఆ హోరులో పోట్లాడుకున్నా వినపడదు. ఇప్పుడు పక్కమనిషి మింగిన గుటక కూడా వినపడుతోంది. ఏం మాట్లాడినా గొంతు పైకి లేవకుండా మాట్లాడాలి.

కుదురుకి ఊరికే కూర్చోవడమే ఒక శిక్ష. ఊళ్ళో ఆ పిల్ల చేసే పని గిన్నెల కంపెనీ కేటలాగుకి ఫొటోలు తీయడం. కుక్కర్లూ మూకుళ్ళూ కదలవు, చుట్టూ ఈమే తిరగొచ్చు. ఇక్కడ అంతా తలకిందులు. కాసేపు కెమెరా స్టాండు సర్దింది, కాసేపు వేళ్ళు నోటి దగ్గర పెట్టుకుని ఊదుకుంది, కంతలోంచి చూసింది, మళ్ళీ చూసింది. బావ జలపాతాన్ని తీస్తున్నాడు. షట్టరు నెమ్మదిగా తెరిచి మూస్తుంటే ఆ ధార తెరమీద తెల్లటి నూలు పోగులా వస్తోంది. ఆ నిదానం చూస్తే కుదురుకి ఒళ్ళు మండింది.

"బావా, ఆ రోజు నాన్నని తీసుకెళ్ళడానికి ఎందుకు రాలేదు?"

బావ చెయ్యి షట్టరు మీదే ఆగిపోయింది. ఏ రోజు అని అడగలేదు. లెన్సు తుడిచే గుడ్డ కోసం జేబులో వెతుక్కోబోయి, మళ్ళీ ఏమనుకున్నాడో మానుకున్నాడు.

కుదురు ఆగలేదు. గుసగుసగా తిట్టడం ఎంత కష్టమో ఆ పిల్లని అడగాలి. నాన్న నోరు మూసుకుని నిన్ను కాపాడుతున్నాడంది. కూతురి కాపురం కోసం మింగేశాడంది. ఆయన కెమెరా మెడలో వేసుకుని ఆయన ఎదురుగా భోజనానికి కూర్చోవడానికి నీకు సిగ్గనిపించదా అంది. అంటూంటే కళ్ళలో నీళ్ళు తిరిగి, కెమెరా వెనక తెర మసకబారిపోయింది. నాన్నంటే ఆ పిల్లకి ప్రాణం. ఆ వేళ్ళు పోయిన రోజునుంచీ ఎవరి మీదో ఒకరి మీద కోపం పెట్టుకోకపోతే బతకలేనట్టుగా ఉంది.

బావ ఏదో చెప్పబోయాడు. సరిగ్గా అప్పుడే మడుగు అంచున మంచు కదిలింది.

ముందు మీసాలు, తరవాత తడిసిన చదునైన తల. నీటికుక్క. నోట్లో చేప అడ్డంగా పట్టుకుని గడ్డ మీదికి ఎగబాకింది. ఇక చూడండి వీళ్ళిద్దర్నీ. ఒకరి మీద ఒకరు నిప్పులు కక్కుతున్నవాళ్ళు కాస్తా, ఇద్దరూ ఒక్కసారే కంతలకి కళ్ళు ఆనించేశారు. బావ చెయ్యి చాపి మరదలి కెమెరా మీద ఏదో మీట అరంగుళం తిప్పాడు. మంచు తెలుపుకి కెమెరా మోసపోయి బొమ్మ నల్లబడకుండా వెలుగు పెంచాడు. ఆమె వద్దనలేదు. నీటికుక్క చేపని ముందుకాళ్ళతో నొక్కిపట్టి తలనుంచి తినడం మొదలుపెట్టింది, వెనకాల ఆ తెల్లటి ధార పడుతూనే ఉంది. ఇద్దరూ ఊపిరి బిగబట్టి తీసుకుంటూ పోయారు. అది తినడం ముగించి, మూతి మంచుకి రాసుకుని, జర్రున జారి నీళ్ళలో కలిసిపోయింది. నాన్న చూసి ఉంటే ఎంత పొంగిపోయేవాడో అనుకుంది కుదురు, అనుకోగానే కోపం మళ్ళీ వచ్చింది.

"ఇప్పుడు చెప్పు" అంది.

"ఆ సాయంత్రం వంతు నాది కాదు కుదురూ. పొద్దున నేను మీ నాన్నతో వెళ్ళి వచ్చేశాను. సాయంత్రం తీసుకురావాల్సింది మీ అక్క."

కుదురుకి ముందు ఆ మాట తలకెక్కలేదు. ఎక్కాక, అబద్ధమనుకుంది. ఆయన ముఖం చూశాక అబద్ధమని అనుకోవడం కూడా కష్టమైపోయింది. బావ మెల్లగా చెప్పుకొచ్చాడు. ఆ సాయంత్రం తను లాడ్జిలో పొయ్యి దగ్గర సాక్సులు ఆరబెట్టుకుంటున్నాడు. చీకటి పడ్డాక అక్క వంటింట్లోంచి వచ్చి తనని చూసి కొయ్యబారిపోయింది. నాన్నగారు ఏరి అని తను అడిగితే, మాట్లాడకుండా తననే చూస్తూ నిలబడింది. మర్చిపోయిందని అప్పుడే అర్థమైంది. పెళ్ళి కుదిరిన కొత్త, ఏదో ధ్యాసలో ఉండి మర్చిపోయి ఉంటుంది. లాంతర్లు పట్టుకుని పరిగెత్తారు. తరవాత నాన్న నేనే ఉండిపోయానన్నాడు, దాంతో ఇక ఎవరూ ఏమీ అనడానికి లేకపోయింది.

"ఇన్నాళ్ళలో అక్కని ఎప్పుడూ అడగలేదా?"

"అడిగి ఏం చెయ్యను? నాకు మీ అక్క కావాలి. ఆ తప్పుతో సహా కావాలి."

పొద్దున్నుంచి బావ మీద కుదురు కట్టుకున్న కోపమంతా ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చేతిలో మిగిలిపోయింది. అక్క మీదికి తిప్పుదామంటే మనసు ఒప్పుకోవడం లేదు. మఫ్లరు ఇంకో చుట్టు చుట్టే అక్క. చిన్నప్పుడు బడిలో ఈమె కోటు మర్చిపోతే తన కోటు విప్పి ఇచ్చి వణుకుతూ ఇంటికొచ్చిన అక్క. ఆ అక్క నాన్నని మంచులో మర్చిపోయిందా? పైగా ఇవాళ సాయంత్రం మనల్ని తీసుకెళ్ళాల్సిన వంతు ఎవరిది? కుదురు కంతలోంచి చెట్ల వైపు చూసింది. ఎవరూ లేరు. మళ్ళీ చూసింది. బావ కూడా చూస్తున్నాడని గమనించింది. ఆయన చూసే తీరులో కొత్తదనం లేదు. పెళ్ళయినప్పటినుంచి మాటులో కూర్చున్న ప్రతి సాయంత్రం ఆయన ఇలాగే చూస్తూ ఉండి ఉంటాడు.

వెలుగు ఇంకా బోలెడుంది. సూర్యుడు కొండ దిగనే లేదు. నీటికుక్క రెండోసారి వచ్చే వేళ, ఫొటోలకి అసలైన వేళ అదే. సరిగ్గా అప్పుడు ఎండుకొమ్మలు ఫటఫట విరిగిన చప్పుడయింది. వంగిన దేవదారు చెట్టు పక్కనుంచి అక్క పరిగెత్తుకొస్తోంది. దగ్గడం లేదు, పాటించాల్సిన పద్ధతి ఒక్కటీ పాటించడం లేదు, మోకాళ్ళలోతు మంచులో పడుతూ లేస్తూ వస్తోంది. మడుగులో బుడుంగుమని ఏదో మునిగింది. ఇవాళ్టికి ఫొటోలకి నీళ్ళొదులుకోవాల్సిందే.

మాటు గుడ్డ ఎత్తి అక్క లోపలికి తొంగిచూసింది. ఇద్దర్నీ తడిమి చూసుకుంది, చేతులు చూసింది, వేళ్ళు చూసింది. ఆమె లాడ్జికి వెళ్ళనే లేదట. పొద్దున్నుంచి ఆ దేవదారు వెనకే నిలబడి ఉండి, వెలుగు పోయేదాకా ఆగడానికి భయమేసి వచ్చేసిందట. పెదవులు నీలంగా ఉన్నాయి. బావ తన ఫ్లాస్కు తీసి టీ పోసి ఇచ్చాడు, అక్క పుచ్చుకుంది గానీ ఆయన ముఖం చూడలేదు.

కుదురు ఉగ్గబట్టుకోలేకపోయింది. వంతు నీదేనట కదక్కా, ఎందుకు రాలేదు అని అడిగేసింది. బావ వద్దన్నట్టు ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు, అప్పటికే మాట నోరు దాటింది.

అక్క కప్పు మంచులో పెట్టి లేచి నిలబడింది. "నేను వచ్చాను" అంది.

బావ తల ఎత్తాడు.

అక్క చెప్పింది. వెలుగు పోతున్న వేళకి వచ్చింది, ఆ దేవదారు దాకా వచ్చింది. మాటు పక్క గుడ్డ తొలగి ఒక చెయ్యి బయటికొచ్చింది. వెనక్కి పొమ్మంది. కోళ్ళని తోలినట్టు, మణికట్టు మాత్రం ఆడిస్తూ, రెండుసార్లు. ఎదురుగా జంతువు ఉంటే మాటులోవాళ్ళు అలా సైగ చేయడం మామూలే. పైగా అది నాన్న చెయ్యి కాదు. నాన్నది బూడిదరంగు ఊలు గ్లౌజు, ఇది నల్లగా ఉంది. నాన్నతో మాటులోకి వెళ్ళింది ఈయనే, తిరిగి రావడం తను చూడలేదు, అందుకని ఈయన లోపలే ఉన్నాడనుకుంది. ఇద్దరూ ఉన్నారు కదా, కలిసే వస్తారనుకుని నిశ్చింతగా వెళ్ళిపోయి వంటపనిలో పడింది. చీకటి పడ్డాక చూస్తే ఈయన పొయ్యి దగ్గర ఉన్నాడు, నాన్న లేడు.

"నన్ను పొమ్మని, నాన్నని అక్కడే వదిలేసి మీరొచ్చేశారనుకున్నాను. ఎందుకలా చేశారో అడిగితే మీరేం చెప్తారోనని భయమేసింది. అడగకుండానే పెళ్ళి చేసుకున్నాను."

అప్పుడు ఆ మొగుడూ పెళ్ళాల ముఖాలు చూడాల్సింది. ఆమె మర్చిపోయిందని ఆయన, ఆయన వదిలేశాడని ఆమె, ఒకరి తప్పు ఒకరు కడుపులో దాచుకుని, పల్లెత్తు మాట అనకుండా కాపురం చేసుకుంటూ వచ్చారు. ఎంత పిచ్చివాళ్ళో, ఒకరంటే ఒకరికి ఎంత ప్రేమో కదా. ఆ ఏడు నాకు నల్ల గ్లౌజులు ఎక్కడివి, మీ నాన్న పాతవి ఇస్తే వాటితోనే గడిపాను కదా అన్నాడు బావ.

నాన్న చెబితే ఆ పాత గ్లౌజులు పెట్టె అడుగునుంచి తీసిచ్చింది కుదురే. షట్టరు నొక్కే వేలికి మీట చల్లదనం తగలకపోతే అదును తప్పుతుందని, నాన్న ఏ గ్లౌజు కొన్నా ముందు కుడి చూపుడువేలు కొస కత్తిరించేస్తాడు. ఆ అలవాటు బావకీ వచ్చింది, తనకీ వచ్చింది. ఈ ఇంట్లో కెమెరా పట్టినవాళ్ళెవరి గ్లౌజుకీ ఆ వేలు నిండుగా ఉండదు.

"అక్కా, బాగా గుర్తు తెచ్చుకో. ఆ చేతికి చూపుడువేలు కొస కోసి ఉందా?"

అక్క కళ్ళు మూసుకుంది. ఆ చెయ్యి ఆమె ఎన్నిసార్లు కలలో చూసిందో ఆమెకే తెలియాలి. కళ్ళు తెరిచేసరికి ముఖంలో ఏదో విడిపోయినట్టయింది. లేదు, ఐదు వేళ్ళూ నిండుగా ఉన్నాయి అంది. అని, మొట్టమొదటిసారి మొగుడి ముఖంలోకి సూటిగా చూసి, ఆయన భుజం మీద తల ఆనించి ఏడ్చేసింది. బావ తన గ్లౌజు విప్పి, వట్టిచేత్తో ఆమె చెవులు వెచ్చబెట్టడం మొదలుపెట్టాడు.

కుదురుకి మాత్రం నిలబడ్డచోట కాళ్ళు ఆగడం లేదు. నాన్నా కాదు, బావా కాదు. మరి ఆ సాయంత్రం నాన్న పక్కన ఆ మాటులో ఉన్నది ఎవరు? నాన్నకి తెలుసు. ఎవరొచ్చారో చూసుకుని మరీ రా అన్నాడంటే తెలిసే అన్నాడు. తెలిసి కూడా వేళ్ళు పోగొట్టుకుని నోరు మూసుకున్నాడు. వెంటనే వెళ్ళి నాన్నని అడగాలి. కెమెరాలు సంచీలో కుక్కేసి, పదండి పదండి అని వాళ్ళిద్దర్నీ తొందరపెట్టి, మడుగు గట్టు వెంట నాలుగడుగులు వేసింది.

వంగిన దేవదారు కింద ఎవరో నిలబడి ఉన్నారు.

మామయ్య. పై జలపాతానికి వెళ్ళినవాడు ఇక్కడికెప్పుడొచ్చాడో తెలియదు. గట్టు మీద గడ్డ విరిగిపోతోంది, ఇటు రాకండి, మీరు అక్కడే ఉండండి అని కేక వేశాడు. వాళ్ళకి వినపడలేదనుకున్నాడో ఏమో, చెయ్యి ఎత్తి వెనక్కి పొమ్మని సైగ చేశాడు. కోళ్ళని తోలినట్టు, మణికట్టు మాత్రం ఆడిస్తూ, రెండుసార్లు. మంచు తెలుపు మీద ఆ నల్ల తోలు గ్లౌజుకి ఐదు వేళ్ళూ నిండుగా, స్పష్టంగా కనిపించాయి.

అక్క గోళ్ళు కుదురు చేతిలో దిగబడ్డాయి. ఆ చేతిని వాళ్ళు ముగ్గురూ రోజూ చూస్తూనే ఉన్నారు. వేళ్ళు పోయిన దగ్గర్నుంచీ నాన్నకి పూటపూటా చెంచాతో తినిపిస్తున్నది ఆ చెయ్యే.